మడమ ఎముక విరిగితే... కట్టా? కత్తా?

చెట్టు మీద నుంచి పడ్డ మనిషి తలకు దెబ్బ తగలకుండా కాళ్ల మీద పడ్డాడనుకోండి, "అదృష్టవంతుడు, కాళ్ల మీద పడ్డాడు" అంటాం. ప్రాణం దక్కింది కాబట్టి ఆ మాటలో తప్పేం లేదు. అయితే పడ్డ బరువంతా ముందుగా మోసింది మడమ. అక్కడి ఎముక నుజ్జయిపోయి ఉండొచ్చు. పైకి చూస్తే వాపు తప్ప ఇంకేం కనపడదు. "బెణికింది, నాలుగు రోజుల్లో తగ్గుద్ది" అని నూనె రాసి, కాపడం పెట్టి ఊరుకుంటారు. నెల గడిచినా కాలు కింద పెట్టలేక, అప్పుడు పట్నం బయల్దేరతారు. అప్పటికి ఆపరేషన్‌కు అనువైన రోజులు కాస్తా దాటిపోతాయి.

తాడిచెట్టు ఎక్కే గీత కార్మికులు, కొబ్బరి దింపు కార్మికులు, మామిడికాయలు కోసేవాళ్లు, గడ్డివామి వేసేవాళ్లు, బావుల్లో పూడిక తీసేవాళ్లు, మంచె మీద కాపలా ఉండేవాళ్లు, ట్రాక్టరు లోడు మీద నుంచి దూకే కూలీలు... వీళ్లందరికీ ఈ ఎముక గురించి తెలిసి ఉండాలి. తాడిచెట్టంత ఎత్తే అక్కర్లేదు. నిలువెత్తు నుంచి గట్టినేల మీద మడమలు ఆనేట్టు పడ్డా ఎముక విరగొచ్చు.

ఒక్క సంగతి ముందే చెప్పుకుందాం. విరిగిన ప్రతి మడమకూ ఆపరేషన్ అక్కర్లేదు. కావలసిన మడమకు చేయించకపోతే నష్టం. అక్కర్లేని మడమకు చేయించినా నష్టమే. కొన్ని దెబ్బలకు గంటల్లో కత్తి పడాలి, కొన్నిటికి పది రోజులు ఆగితేనే మంచిది. ఈ తేడా తెలిస్తే మీ కాలూ మిగులుతుంది, చేతిలో డబ్బూ మిగులుతుంది.

ఈ ఎముక చేసే పని

పాదం వెనక సగంలో ఉండే 7 ఎముకల్లో అన్నిటికన్నా పెద్దది మడమ ఎముక. డాక్టర్లు దీన్ని కాల్కేనియస్ అంటారు. దీని పైపెంకు పల్చన. లోపలంతా స్పాంజిలాగా గుల్లగా ఉంటుంది. నడిచేటప్పుడు పడే బరువును ఓర్చుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. దీని నెత్తిన తాలస్ అనే ఇంకో ఎముక కూర్చుని ఉంటుంది. పిక్క నుంచి దిగే లావుపాటి స్నాయువు, మనం వాడుకలో నరం అంటామే, అది మడమ ఎముక వెనక భాగానికి అతుక్కుని ఉంటుంది.

మనిషి పైనుంచి పడినప్పుడు ఒంటి బరువంతా కాలి ఎముకల మీదుగా తాలస్‌కు, అక్కడి నుంచి మడమకు దిగుతుంది. కట్టెను చీల్చే గొడ్డలిలాగా తాలస్ వచ్చి మడమ ఎముక మీద దిగబడుతుంది. గుల్ల ఎముక కాబట్టి పగలడమే కాదు, లోపలికి కుంగుతుంది. ఎత్తు తగ్గుతుంది, పక్కలకు ఉబ్బుతుంది. కాలిన కుండ పగలడానికీ పచ్చి కుండ నొక్కుకుపోవడానికీ తేడా ఉంది కదా. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి.

మడమకూ తాలస్‌కూ మధ్య ఒక కీలుంది. పాదం లోపలికీ బయటికీ ఒరిగేది దీనివల్లే. సిమెంటు రోడ్డు మీద తిరిగేవాళ్లకు ఈ కీలు విలువ అంతగా తెలియదు. రైతుకు తెలుస్తుంది. గట్టు మీద నడవాలన్నా, దుక్కి చాళ్లలో అడుగు వెయ్యాలన్నా, రాళ్ల చెలకలో తిరగాలన్నా, చెట్టు మొదలుకు పాదం ఆనించి పైకెక్కాలన్నా పాదం ఒరగాలి. మడమ విరుగుళ్లలో నూటికి 75 వరకు ఈ కీలు దాకా పాకినవే. అందుకే మామూలు విరుగుడు కన్నా దీనితో ఇబ్బంది ఎక్కువ. ఎముక ఎలాగూ అతుక్కుంటుంది. కీలు నున్నగా ఉంటుందా, గరుకవుతుందా అన్నదే అసలు ప్రశ్న.

పడిన చోట ఏం చేయాలి?

మడమ విపరీతంగా నొప్పి పెట్టి, కాలు ఆనించలేకపోతే విరిగిందనే అనుకోవాలి. కొన్ని గంటల్లో మడమ రెండు పక్కలా ఉబ్బుతుంది. ఒకటి రెండు రోజులకు అరికాలి మధ్యలో నల్లగా కమిలిన మచ్చ కనిపిస్తే అది మడమ ఎముక విరిగిందనడానికి గట్టి గుర్తు. ఉత్త బెణుకులో అరికాలు అలా కమలదు.

"లేచి నాలుగడుగులు వెయ్యి మామా, సర్దుకుంటుంది" అని లేపి నడిపించకండి. తొక్కడం, పిసకడం, నూనెతో మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం వద్దు. వేడి వల్ల వాపు పెరుగుతుంది. కాలును దిండు మీద ఎత్తుగా పెట్టి, ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచి తీసేయండి. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు. ఆసుపత్రికి చేరేవరకు భోజనం పెట్టకపోవడమే మేలు. వెంటనే మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మడమ మీద పడ్డ దెబ్బ అక్కడితో ఆగదు. మోకాలు, తుంటి మీదుగా వెన్నుకు పాకుతుంది. మడమలు విరిగినవాళ్లలో నూటికి పదిమంది దాకా వెన్నుపూస కూడా చిట్లుతుంది. రెండో మడమకు దెబ్బ తగలడం కూడా ఉంటుంది. మడమ నొప్పి గోలలో నడుము నొప్పి సంగతి చెప్పరు. మీరే అడగండి. "నడుము నొప్పిగా ఉందా? కాళ్లు తిమ్మిరెక్కాయా?" అవునంటే కూర్చోబెట్టొద్దు, భుజాన వేసుకుని మోయొద్దు, బండి మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసుకెళ్లొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. తప్పనిసరైతే నలుగురు కలిసి ఒక్కసారిగా ఎత్తి బల్ల మీదికి చేర్చండి. డాక్టరుకు కూడా "మడమ దెబ్బ" అని ఊరుకోక, ఎంత ఎత్తు నుంచి పడిందీ చెప్పండి.

ఆలస్యం చేయకూడని నాలుగు గుర్తులు

మామూలుగా మడమ ఆపరేషన్‌కు హడావుడి పడరు. కానీ ఈ కింది వాటిలో ఏది కనిపించినా రాత్రి అయినా సరే, తెల్లవారే వరకు ఆగొద్దు.

1. గాయం పడి ఎముక బయటికి కనిపించినా, విరిగిన చోట చర్మం చీలి రక్తం కారుతున్నా. పొలం మట్టి, పేడ అంటిన గాయం ధనుర్వాతానికి దారి. పసుపు, కాఫీపొడి, బూడిద అద్దొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి. ధనుర్వాతం సూది, చీము పట్టకుండా మందులు వెంటనే పడాలి. గాయాన్ని ఆపరేషన్ గదిలోనే కడిగి శుభ్రం చేయాలి.

2. మడమ వెనక చర్మం బిగుసుకుని తెల్లబడితే. విరిగిన ముక్కను పిక్క స్నాయువు పైకి గుంజినప్పుడు ఆ ముక్క లోపలి నుంచి చర్మాన్ని పొడుచుకుని ఉంటుంది. గంటలు గడిచే కొద్దీ అక్కడి చర్మం చచ్చిపోతుంది. ముక్కను త్వరగా కిందికి దించి స్క్రూలు వేస్తేనే చర్మం దక్కుతుంది. షుగరు ఉన్నవాళ్లకు, ఎముకలు బలహీనపడ్డ పెద్ద వయసు ఆడవాళ్లకు చిన్న దెబ్బతోనే ఇలా జరగొచ్చు.

3. నొప్పి మందులకు లొంగకుండా గంటగంటకూ పెరిగితే, కాలివేళ్లను మెల్లగా పైకి వంచినా ప్రాణం పోయేంత నొప్పి పుడితే, వేళ్లు మొద్దుబారితే. పాదం లోపల రక్తం నిండి ఒత్తిడి పెరిగిందని అర్థం. అలాగే వదిలేస్తే కండలు చచ్చి, తరువాత వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుపోతాయి.

4. కాళ్లలో స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా. అది వెన్ను దెబ్బ గుర్తు.

ఎక్స్‌రేలో ఏం చూస్తారు?

ముందు పక్క నుంచి ఎక్స్‌రే తీస్తారు. దాని మీద డాక్టరు రెండు గీతలు గీసి కోణం కొలుస్తారు. ఆస్ట్రియా దేశంలో వియన్నాకు చెందిన లోరెంజ్ బోలర్ అనే సర్జన్ చూపిన కొలత ఇది. అందుకే బోలర్ కోణం అంటారు. బాగున్న మడమలో ఇది 20 నుంచి 40 డిగ్రీలుంటుంది. ఎముక కుంగిన కొద్దీ కోణం తగ్గుతుంది. బాగా కుంగితే సున్నాకు, సున్నా కిందికి కూడా పోతుంది. "కోణం ఎంత ఉంది సార్?" అని మీరు అడగొచ్చు. తప్పేం కాదు.

1952లో అచ్చయిన వ్యాసంలో ఎసెక్స్ లొప్రెస్టి అనే ఇంగ్లండు సర్జన్ ఈ విరుగుళ్లను రెండు తీరులుగా విడదీశారు. కీలు ముక్క వెనక భాగంతో కలిసి నాలుకలా పైకి లేచేది ఒకటి. కీలు ముక్క ఒక్కటే విడిపోయి లోపలికి కుంగేది రెండోది. ఎక్స్‌రే ఒక్కదానితో కీలు లోపలి సంగతి పూర్తిగా తెలియదు. సీటీ స్కాన్ వచ్చాక పుచ్చకాయను ముక్కలుగా కోసి చూసినట్టు ఎముకను పొరలు పొరలుగా చూడటం వీలైంది. 1993లో అమెరికా సర్జన్ రాయ్ శాండర్స్, ఆయన తోటివాళ్లు సీటీ స్కాన్‌ను బట్టి నాలుగు తరగతులు చేశారు. ఈ రోజుకూ డాక్టర్లు ఆ లెక్కనే వాడుతున్నారు. గీత పడినా ముక్కలు కదలకపోతే ఒకటో తరగతి. కీలు రెండు ముక్కలైతే రెండు, మూడు ముక్కలైతే మూడు. నాలుగు, అంతకన్నా ఎక్కువ ముక్కలై నుజ్జయితే నాలుగు. ఆపరేషన్ మాట అనుకుంటున్నప్పుడు సీటీ స్కాన్ తీయడం అనవసరపు ఖర్చు కాదు. అది లేకుండా కత్తి పట్టడమే అనవసరం.

కట్టు చాలు అనేది ఎప్పుడు?

ముక్కలు కదలకుండా ఉంటే ఆపరేషన్ వద్దు. విరుగుడు కీలు జోలికి పోకుండా, ఆకారం పెద్దగా చెడకుండా ఉన్నా సాధారణంగా వద్దనే అంటారు. కాలు ఎత్తి పెట్టుకోవడం, వాపు తగ్గేవరకు సగం కట్టు, ఆ తరువాత బరువు వేయకుండా చీలమండ కదిలించడం. ఇదే వైద్యం. నెలల తరబడి గట్టి పిండికట్టులో కాలు బిగిస్తే కీళ్లు బిగుసుకుపోతాయి. అందువల్ల కట్టు త్వరగా తీసి కదిలించమంటారు.

కీలు కుంగి, ముక్కలు కదిలి, మడమ వెడల్పై పక్కకు తిరిగిపోతే ఆపరేషన్ మాట వస్తుంది. అక్కడ కూడా మనిషిని బట్టి నిర్ణయం మారుతుంది. అదుపు లేని షుగరు, కాళ్లకు రక్తం సరిగా అందకపోవడం, మానని పొగ అలవాటు, నడవలేనంత పెద్ద వయసు... వీటిలో ఏవి ఉన్నా గాయం మానదేమోనన్న భయం ఉంటుంది. అప్పుడు "ఆపరేషన్ వద్దు" అనే డాక్టరు మిమ్మల్ని వదిలించుకోవడం లేదు, కాపాడుతున్నారు.

పెద్ద పరిశోధనలు ఏం తేల్చాయి?

ఆపరేషన్ చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరిశోధనలు రెండున్నాయి. కెనడాలో జరిపిన మొదటిదాని ఫలితాలు 2002లో వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే రెండు పక్షాల మధ్య పెద్ద తేడా కనపడలేదు. విడదీసి చూస్తే ఆడవాళ్లు, వయసులో చిన్నవాళ్లు, తేలికపాటి పని చేసేవాళ్లు ఆపరేషన్ వల్ల బాగుపడ్డారు. ఆపరేషన్ చేయించుకోనివాళ్లలో నొప్పి తాళలేక తరువాత కీలు అతికించే ఆపరేషన్ చేయించుకోవాల్సినవాళ్లు ఎక్కువ.

రెండోది ఇంగ్లండు పరిశోధన. 22 ఆసుపత్రుల్లో 151 మందిని తీసుకుని, 2014లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ల తరువాత చూస్తే నొప్పిలో, నడకలో తేడా లేదు. ఆపరేషన్ చేసినవాళ్లలో నూటికి 23 మందికి చీము, తిరిగి ఆపరేషన్ వంటి చిక్కులు వస్తే, చేయనివాళ్లలో నూటికి నలుగురికి వచ్చాయి. అయితే మడమ మరీ వికారంగా చెడిపోయినవాళ్లను ఈ లెక్కలోకి తీసుకోలేదు.

అంటే ఆపరేషన్ పనికిరాదనా? కాదు. ఎంచి చేయాలని. కీలు నిజంగా కుంగిన మనిషికి, మానే గుణం ఉన్న ఒంటికి, ఈ పనిలో చేయి తిరిగిన సర్జన్ చేతిలో ఆపరేషన్ మంచి ఫలితం ఇస్తుంది. ఎక్స్‌రేలో గీత కనిపించగానే ప్లేటు వేసేయడం వైద్యం కాదు.

వారం, పది రోజులు ఎందుకు ఆపుతారు?

"పడుకోబెట్టి వారమైంది, ఆపరేషన్ చేయడం లేదు, బిల్లు పెంచుకోవడానికే" అని చాలామంది అనుమానిస్తారు. మడమ విషయంలో ఆగడమే సరైన పద్ధతి. మడమ చుట్టూ కండ లేదు. చర్మం కింద వెంటనే ఎముకే. ఉబ్బి బిగుసుకున్న చర్మాన్ని కోస్తే తిరిగి కుట్టలేరు, కుట్టినా అతకదు. వాపు తగ్గి చర్మం మీద సన్నటి ముడతలు పడే వరకు ఆగుతారు. నీటి బొబ్బలు లేస్తే అవి మానాలి. సాధారణంగా దీనికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఇంటికి పంపినా ఈ రోజుల్లో కాలు గుండె కన్నా ఎత్తులో ఉంచడం మీ పని. అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంటే వాపు తగ్గదు, ఆపరేషన్ వెనక్కి పోతుంది.

అలాగని నెలలు ఆగొద్దు. 3 వారాలు దాటితే ముక్కలు ఉన్నచోటే అతుక్కోవడం మొదలవుతుంది. వాటిని కదిలించి సరిచేయడం కష్టం. దెబ్బ తగిలిన మొదటి రెండు రోజుల్లోనే ఎముకల డాక్టరు చేతిలో పడాలని చెప్పడం ఇందుకే.

ఆపరేషన్ మూడు రకాలు

పాత పద్ధతిలో మడమ బయటి పక్క "ఎల్" ఆకారంలో పెద్ద కోత పెట్టి, చర్మాన్ని పొరలా పైకి లేపుతారు. కుంగిన కీలును ఎత్తి, ముక్కలు పేర్చి, ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. ఎముక అంతా కళ్లకు కనిపిస్తుంది. కానీ కోత మూల దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ.

రెండోది చిన్న కోత. చీలమండ బయటి గుబ్బ కింద నాలుగైదు సెంటీమీటర్ల కోతతో కీలును నేరుగా చూస్తూ సరిచేస్తారు. గాయం బాధలు తక్కువ. ఇటీవలి కాలంలో దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. ముక్కలు బిగుసుకోక ముందే చేస్తే సులువు.

మూడోది సూదిరంధ్రాల పద్ధతి. తెర మీద ఎక్స్‌రే చూస్తూ చర్మం మీద చిన్న చిల్లుల ద్వారా కడ్డీతో ముక్కను లేపి స్క్రూలు వేస్తారు. నాలుకలా లేచిన విరుగుళ్లకు ఇది బాగా కుదురుతుంది. అన్నిటికీ కుదరదు. మరీ నుజ్జయిన కీళ్లకు కొందరు సర్జన్లు మొదటిసారే ఎముకను సరిచేసి కీలును అతికించేస్తారు. ఆ కీలు ఇక కదలదు, నొప్పి తగ్గుతుంది.

నాటు కట్టు సంగతేమిటి?

పుత్తూరు కట్టు పేరు తెలియని రైతు ఉండడు. ఊరూరా కట్టు కట్టేవాళ్లున్నారు. వాళ్ల మీద నమ్మకం ఈనాటిది కాదు. అయితే ఒకటి ఆలోచించండి. చెయ్యి ఎముక వంకర పోతే పైనుంచి లాగి సరిచేయొచ్చు. మడమలో కుంగిన కీలు ముక్క పెట్టె లోపల పడిపోయిన పలకలాంటిది. పైనుంచి ఎంత నొక్కినా, ఎంత బిగించి కట్టినా అది పైకి లేవదు. పైగా ఉబ్బుతున్న పాదానికి బిగుతు కట్టు వేస్తే రక్తం ఆడక పాదానికే ముప్పు. కట్టు కట్టించుకోవాలని మనసులో ఉన్నా సరే, ముందు ఎక్స్‌రే తీయించండి. ముక్క కదిలిందో లేదో తెలిశాకే ఏదైనా.

బీడీ పక్కన పెట్టాలి

బీడీ, చుట్ట, సిగరెట్ ఏది తాగినా చర్మానికి వెళ్లే సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. మడమ కోత మానకపోవడానికి పెద్ద కారణాల్లో ఇది ఒకటి. ఆపరేషన్ అనుకున్న రోజు నుంచి గాయం, ఎముక మానే వరకు ముట్టుకోవద్దు. "రోజుకు రెండేగా డాక్టరు గారూ" అని దాచొద్దు. తాగుతున్నట్టు నిజం చెబితే ఆయన నిర్ణయం మారొచ్చు. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే ఆపరేషన్‌కు వెళ్లాలి.

ఒక పంట కాలం ఓపిక

ఆపరేషన్ చేసినా, చేయకపోయినా విరిగిన కాలు మీద 8 నుంచి 12 వారాలు బరువు వేయకూడదు. వరి నాట్లప్పుడు విరిగితే కోతల నాటికి మెల్లగా నడుస్తారని లెక్క వేసుకోండి. ఈ లోపల పొలం ఎవరు చూస్తారు, పాడి ఎవరు చూస్తారు అన్నది మొదటి వారంలోనే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. చాలా మడమలు ఆపరేషన్ గదిలో చెడవు. "మోటారు వేసి వస్తా" అని నెల తిరక్కుండానే కుంటుకుంటూ పొలానికి వెళ్లినప్పుడు చెడతాయి. బరువు పడితే స్క్రూలు ఊడొచ్చు, ఎముక మళ్లీ కుంగొచ్చు.

కుట్లు సాధారణంగా రెండు, మూడు వారాలకు తీస్తారు. అప్పటివరకు గాయం తడవకూడదు. చెమ్మ కారినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించండి. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే వెళ్లాలి.

డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచి చీలమండ కదిలించండి. కాలి బొటనవేలితో గాల్లో అ, ఆ, ఇ, ఈ దిద్దండి. అక్షరాలన్నీ దిద్దితే పాదం అన్ని పక్కలా తిరుగుతుంది. తువ్వాలు పాదానికి తగిలించి రెండు చేతులా మెల్లగా లాక్కుంటే పిక్క సాగుతుంది. రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. తరువాత చంకకర్రలతో కొద్దికొద్దిగా బరువు వేస్తూ, మొదట చదును నేల మీద, ఆపైన గట్ల మీద నడవాలి. పాత చెప్పులు వెడల్పైన మడమకు పట్టవు. మెత్తటి అడుగున్న, మడమ దగ్గర వెడల్పున్న చెప్పులు వాడండి.

సాయంత్రానికి వాపు రావడం ఏడాది దాకా ఉండొచ్చు. బరువు పనికి తిరిగి వెళ్లడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. రెండేళ్ల వరకు మెరుగవుతూనే ఉంటుంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా పాదం మునుపటిలా పూర్తిగా ఒరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చెట్టెక్కే పని చేసేవాళ్లు ఈ మాట ముందుగానే తెలుసుకోవాలి. కొందరు మళ్లీ ఎక్కుతారు. కొందరు పని మార్చుకోవాల్సి వస్తుంది. ఏడాది తరువాత కూడా గట్టు మీద అడుగడుగునా నొప్పి ఉంటే కీలు అరిగిందేమో చూస్తారు. అప్పుడు కీలు అతికించే ఆపరేషన్‌తో ఉపశమనం దొరుకుతుంది.

రైతులు తరచూ అడిగేవి

ప్రశ్న: లోపల వేసిన ప్లేటు తీయించాలా?
జవాబు: ఇబ్బంది పెట్టకపోతే అక్కర్లేదు. చెప్పుకు ఒరుసుకున్నా, చీము పట్టినా తీస్తారు.

ప్రశ్న: రెండు మడమలూ విరిగాయి. ఎలా?
జవాబు: దాదాపు మూడు నెలలు చక్రాల కుర్చీయే. ఇంట్లో మనిషి సాయం తప్పదు. అరుగులు, మెట్లు లేని గదిలో మంచం వేయండి. నడుము ఎక్స్‌రే తప్పకుండా తీయించండి.

ప్రశ్న: నెలన్నర దాటాక వచ్చాం. ఇక ఏమీ చేయలేరా?
జవాబు: ముక్కలు పేర్చే ఆపరేషన్‌కు సమయం దాటినట్టే. కానీ వైద్యం అయిపోలేదు. వ్యాయామం, చెప్పుల మార్పుతో చాలామంది నడుస్తారు. నొప్పి తగ్గకపోతే ఉబ్బిన ఎముకను చెక్కడం, కీలు అతికించడం వంటి ఆపరేషన్లు ఉన్నాయి.

ప్రశ్న: ఖర్చు భరించలేం. దారి ఉందా?
జవాబు: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకాలున్నాయి. చేరకముందే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మడమ ఆపరేషన్ వర్తిస్తుందా అని పథకం సహాయ కేంద్రంలో అడగండి. సర్కారు పెద్దాసుపత్రుల్లోనూ ఎముకల విభాగం ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ కాగితాలు, డిశ్చార్జి చీటీ జాగ్రత్త చేయండి. నష్టపరిహారానికీ అవే ఆధారం.

సంతకం పెట్టేముందు డాక్టరును అడగండి

కీలు ఎంత కుంగింది? ఆపరేషన్ చేయకపోతే నా కాలు ఎలా ఉంటుంది? చేస్తే ఎంత మెరుగవుతుంది? పెద్ద కోతా, చిన్న కోతా? ఇలాంటి మడమలు మీరు తరచూ చేస్తారా? నేను చేసేది చెట్టెక్కే పని, మళ్లీ ఎక్కగలనా? ఇవి అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. ఒక డాక్టరు చేయాలని, ఇంకొకరు వద్దని చెప్పినా కంగారు పడకండి. పైన చెప్పిన పరిశోధనలు చూశారుగా, ఈ ఎముక విషయంలో పెద్ద పెద్ద వైద్యుల మధ్యే రెండు మాటలున్నాయి. ఇద్దరినీ "ఎందుకు?" అని అడిగి, మీ పనికి, మీ ఒంటికి సరిపోయే జవాబు చెప్పినవారి మాట వినండి.

పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. వాన పడి తడిసిన చెట్టు ఎక్కొద్దు. మోకు, నడుము పట్టీ ఎక్కే ముందు ప్రతిసారీ లాగి చూడండి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకున్నవాళ్లు ఇంట్లో మేకుకు తగిలించకుండా చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. ట్రాక్టరు లోడు మీద నుంచి దూకొద్దు, దిగండి. గడ్డివామికి నిచ్చెన వేసినప్పుడు కింద ఒక మనిషిని పట్టుకోమనండి. అయినా పడితే, ఎంత ధైర్యంగా ఉన్నా సరే, ఎక్స్‌రే తీసేవరకు ఆ కాలు నేల మీద ఆనించొద్దు.